అప్‌డేట్: మన్నా పాఠం ఇలా కుదిరింది

సండే స్కూల్ పిల్లలకు నిర్గమకాండము 16 (అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ మన్నా అనే ఆహారం ఇచ్చిన అధ్యాయం) ఎలా చెప్పాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ వందనాలు. అన్నీ కలిపితే తేలింది ఇది.

రెండు లీటర్ల డబ్బా, గుప్పెడు ధనియాలు, ఒక సీసా చాలు. మన్నా కొలిచిన ఓమెరు అంటే ఏఫా అనే పాతకాలపు కొలతలో పదో వంతు, సుమారు రెండు లీటర్లు. తలకు రోజుకు అంత. "మీ ఇంటికి ఎన్ని డబ్బాలు?" అనండి, లెక్క వాళ్లే కడతారు. ధనియాలు అరచేతిలో పోసి, మన్నా ఇలాగే ఉండేది కానీ తెల్లగా ఉండేదని చెప్పండి.

పాఠం తడబడేది 20వ వచనం దగ్గర. మర్నాటికి ఉంచొద్దన్నా మిగిల్చింది పురుగుపట్టి కంపు కొట్టిందనగానే "దాచుకోవడం పాపమా?" అంటారు. కాదు. ఏడో రోజు విశ్రాంతి దినం కాబట్టి ఆరో రోజు తలకు రెండు ఓమెర్లు ఏరుకోమన్నదీ దేవుడే, అది మర్నాటికి చెడలేదు. రేపటికీ ఇస్తాడని నమ్మకపోవడమే తప్పు. అలాగని మన్నా నోట్లోకి ఊడిపడలేదు: పొద్దున్నే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోతుంది. తిరగట్లో విసరడం, రోట్లో దంచడం కూడా ఉన్నాయి (సంఖ్యాకాండము 11:8). ఈ వచనం చాలామంది వదిలేస్తారు, నాకైతే పాఠంలో సగం ఇదే.

సీసా నిర్గమకాండము 16:33 కోసం. తరతరాలు చూడాలని ఒక ఓమెరు మన్నా పాత్రలో ఉంచమన్నారు. అలాగే దేవుడు తమకు చేసిన మేలు గుర్తుండేలా పిల్లలచేత తేదీ వేసి చీటీలు రాయించండి. "దేవుడు మంచివాడు" అని రాస్తే తిరిగిచ్చేయండి. "అమ్మకు జ్వరం తగ్గింది" లాంటివే సీసాలోకి. పెద్ద పిల్లలకు యెహోషువ 5:12 కలపండి: దేవుడు మాటిచ్చిన కనాను దేశపు పంట తిన్న మర్నాడే మన్నా ఆగిపోయింది.