సరిగ్గా సగం సంఖ్యలే ఎందుకు మిగులుతాయి? 5, 8 పజిల్ వెనక గణితం చెప్పగలరా?

ఒక ప్రోగ్రామింగ్ పజిల్: 5, 8లను ఎన్నిసార్లైనా కూడుకోవచ్చు, అలా రాబట్టలేని సంఖ్యలు ఎన్ని? నేను టేబుల్ కట్టి, లూప్ తిప్పి లెక్కించాను. 1, 2, 3, 4, 6, 7, 9, 11, 12, 14, 17, 19, 22, 27. మొత్తం 14. ఇంకొకరి సొల్యూషన్‌లో లూపే లేదు, ఒక్క లైనే: (a-1)(b-1)/2, ఇక్కడ a = 5, b = 8. ఎంత అందంగా ఉందో! అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోకుండా వదలబుద్ధి కావడం లేదు.

రాబట్టలేని వాటిలో పెద్దది ab-a-b, అంటే ఇక్కడ 27. 0 నుంచి 27 వరకు ఉన్న సంఖ్యలను n, 27-n అని జతలు కడితే, ప్రతి జతలోనూ సరిగ్గా ఒకటే వస్తుంది. 13 వస్తుంది, 14 రాదు. 10 వస్తుంది, 17 రాదు. అన్ని జతలూ చూశాను, ఎక్కడా తప్పలేదు.

రెండూ రాకూడదన్నది అర్థమైంది: వస్తే వాటిని కూడితే 27 కూడా రావాలి కదా. కానీ రెండూ రాకుండా పోవు అని ఎలా చెప్పగలం? n = 5x + 8y అని రాసి, xని 0 నుంచి 7 మధ్యలోనే ఉంచాలట, y రుణ సంఖ్య అయినా ఫర్వాలేదట. అలాంటి x ఒక్కటే ఎందుకు ఉంటుంది? 5, 8ల గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) 1 కావడం అవసరమయ్యేది ఇక్కడేనా?

శేషాల గురించి స్కూల్లో చదివినంత తెలుసు. దయచేసి అక్కడి నుంచి మొదలుపెట్టి వివరించండి. 6, 10, 15 లాంటి మూడు సంఖ్యలు ఇస్తే ఈ జతల పద్ధతి నిలుస్తుందా అన్నది కూడా చెబితే చాలా సంతోషిస్తాను.