ఇరానీ చాయ్ ఇంట్లో దమ్ పెట్టడం ఎలా? రోజుకు ఎన్ని కప్పులు, ఎప్పుడు తాగాలి?

బెల్లంచాయ్ అడిగిన ప్రశ్న:

ఇంట్లో ఆరుగురం. పొద్దున, సాయంత్రం కలిపి రోజుకు మనిషికి మూడు నాలుగు టీలు పడుతున్నాయి. మామూలు టీ బాగానే కుదురుతుంది. ఇరానీ చాయ్ చేయబోతే మాత్రం డికాక్షన్ చేదెక్కుతోంది, లేదంటే రంగు వస్తుంది గానీ చిక్కదనం రాదు. పాలు, డికాక్షన్ కలిపి మళ్లీ మరిగించాలా, విడివిడిగానే ఉంచాలా? పొడి ఏది వాడాలి? కొలతలు స్పూన్లలో చెబితే మేలు.

రెండో సంగతి. ఇంట్లో ఒకరికి రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చారు, ఇంకొకరు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. టీ మానేయాలని ఒకరు, టీ మంచిదేనని ఇంకొకరు అంటున్నారు. మానకుండా తాగే పద్ధతి ఏమన్నా ఉందా? అల్లం, బెల్లం వేసినప్పుడు పాలు విరగడం గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

సన్నసెగ:

ముందు చాయ్ సంగతి చూద్దాం. ఇరానీ చాయ్‌లో పాలు, డికాక్షన్ కలిసేది కప్పులోనే. పొయ్యి మీద కలిపి మరిగించారంటే అది మామూలు టీ అయిపోతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

100 మిల్లీలీటర్ల చిన్న కప్పులు ఆరింటికి లెక్క చెబుతాను. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో 400 మి.లీ. నీళ్లు మరగనివ్వండి. మరిగాక మంట తగ్గించి, తల గొట్టిన టీస్పూన్లు 5 పొడి, 3 చక్కెర వేయండి. ఒక్కసారి కలిపి మూత పెట్టండి. బిర్యానీకి పెట్టినట్టు మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అద్దండి, పిండి లేకపోతే తడిగుడ్డ చుట్టండి. గుడ్డ కొసలు మంటకు తగలకుండా పైకి మడవాలి. గిన్నె కింద దోసె పెనం పెట్టి, మంట పూర్తిగా సిమ్‌లో 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. లోపల కుతకుతమని ఉడికే చప్పుడు వినిపిస్తే మంట ఎక్కువైనట్టే. దించాక 5 నిమిషాలు ఆగి మూత తీయండి. మూతకు పట్టిన ఆవిరి నీళ్లు గిన్నెలోకే పోవాలి. వాసన ఉండేది వాటిలోనే.

చేదు రావడానికి మూడు దారులున్నాయి. ఒకటి, పెద్ద మంట మీద తెర్లించడం. అప్పుడు వాసన ఆవిరితో పోయి వగరు మాత్రం మిగులుతుంది. రెండు, వడకట్టేటప్పుడు పిప్పిని స్పూనుతో నొక్కి పిండడం. చివర దిగే ఆ రెండు చెంచాల రసం మొత్తం డికాక్షన్‌ను పాడు చేస్తుంది, దానంతట అదే కారనివ్వండి. మూడు, చల్లారిన డికాక్షన్‌ను మళ్లీ మళ్లీ మరిగించడం. తిరిగి వేడి చేయాలంటే గిన్నెను వేడినీళ్లలో పెట్టండి.

ఇక పాలు. ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు తీసుకోండి. ఆ ప్యాకెట్‌లో కొవ్వు 6 శాతం ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతమే. టోన్డ్ పాలు ఎంత కాచినా ఆ నునుపు రాదు. సన్నసెగ మీద రెండు నిమిషాలకోసారి అడుగు నుంచి కలుపుతూ 350 మి.లీ. దాకా ఇంకనివ్వండి. అంచులకు అంటిన మీగడను గీకి పాలలోకే వేయండి. చివర్లో తీపి లేని కోవా 2 టేబుల్‌స్పూన్లు చిదిపి వేసి, రెండు యాలకులు నలిపి కలపండి. కోవా లేకపోతే కండెన్స్‌డ్ మిల్క్ ఒకటిన్నర టేబుల్‌స్పూన్ చాలు, కానీ అప్పుడు డికాక్షన్‌లో చక్కెర మానేయాలి.

కప్పులో ముందు డికాక్షన్ 45 మి.లీ., పైన పాలు 55 మి.లీ. పోయండి. రెండూ పొగలు కక్కుతూ ఉండాలి. రంగు ఇటుక రంగుకు తిరిగితే కుదిరినట్టు, బూడిద రంగు కనిపిస్తే డికాక్షన్ పలచగా ఉన్నట్టు. అప్పుడు పాలు తగ్గించండి. ఈసారికి సరిపోతుంది, మరుసటిసారి పొడి అర స్పూను పెంచుకోండి.

పొడి విషయంలో దమ్‌కు మరీ సన్నని డస్ట్ వద్దు. రెండు నిమిషాల్లో రంగు దిగే పొడిని అరగంట ఉంచితే మడ్డి అవుతుంది, జల్లెడలోంచి జారి కప్పు అడుగున పేరుకుంటుంది. గింజలా ఉండే అస్సాం సీటీసీ (యంత్రంలో నలిపి గింజలుగా చుట్టిన పొడి) రెండు వంతులు, నీలగిరి పొడి ఒక వంతు కలిపితే రంగూ వాసనా రెండూ దొరుకుతాయి.

కుక్కర్‌మూత:

దమ్ పెట్టే ఓపిక లేనివాళ్లు కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిస్తే సరిపోతుంది కదా? డికాక్షన్ నల్లగా దిగుతుంది.

సన్నసెగ:

నల్లగా దిగుతుంది నిజమే, చేదు కూడా అంతే దిగుతుందండీ. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, దమ్‌లో 100 లోపే ఉంటుంది. పైగా విజిల్ వచ్చిన ప్రతిసారీ బయటకు పోయేది వాసనే. నురగతో పాటు పొడి పైకి లేచి విజిల్ రంధ్రంలో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. టైం లేకపోతే మూత బరువుగా పెట్టి 12 నిమిషాలు సిమ్‌లో ఉంచండి. పూర్తి దమ్ కాదు గానీ చేదు లేకుండా వస్తుంది.

తిండిలెక్క:

ఐరన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అలాంటి ఇళ్లలో అన్నం తినగానే టీ అలవాటు ఉంటే మొదట మార్చాల్సింది ఆ వేళ.

టీలో ఉండే పాలీఫినాల్స్, అంటే నాలుకకు వగరు తెచ్చేవి, పప్పులు, ఆకుకూరలు, రాగుల్లో ఉండే ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయి. శాకాహార భోజనంతో పాటు స్ట్రాంగ్ టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది. మాంసంలోని ఇనుము మీద ఈ దెబ్బ తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 2024లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)తో కలిసి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని చెప్పింది. కాబట్టి మీ ఇంట్లో టీ మానక్కర్లేదు, టిఫిన్ నుంచీ అన్నం నుంచీ విడదీయండి. పొద్దున 6కు టీ, 7:30కు టిఫిన్. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం అయితే 3 తర్వాత టీ. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, తిన్నాక జామకాయ తిన్నా విటమిన్ సి వల్ల ఇనుము ఎక్కువ పడుతుంది.

ఐరన్ మాత్రకు, టీకి మధ్య రెండు గంటలు ఉంచండి. మాత్రను టీతో మింగడం అయితే అసలు వద్దు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాకే టీ. ఒకరోజు పది నిమిషాలకు, ఒకరోజు గంటకు తాగితే మాత్ర ఒంటికి పట్టే మోతాదు రోజుకోలా మారి పరీక్షలో అంకెలు ఊగుతాయి. డాక్టర్ డోసు మార్చేముందు ఈ ఎడం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

కెఫీన్ లెక్క: అదే మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా., రోజుకు మించకూడనిది 300. ఇంట్లో టీ నాలుగు కప్పులైనా ఈ గీత లోపలే. గర్భిణులు 200 లోపు ఉంచుకోవడం మంచిది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం 4 తర్వాత తాగే టీని ముందు వేళకు జరిపి చూడండి. ఒక్కసారిగా మానేస్తే రెండో రోజుకే తలనొప్పి రావచ్చు. రోజుకు అర కప్పు చొప్పున తగ్గించండి.

మంచి సంగతీ చెప్పాలి. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మందిని గమనించి 2022లో వెలువరించిన అధ్యయనంలో రోజుకు రెండు కప్పులు, అంతకంటే ఎక్కువ బ్లాక్ టీ తాగేవాళ్లలో మరణ ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది, పాలు కలిపినా సరే. ఇది గమనించి చెప్పిన సంబంధమే, టీ వల్లే అని రుజువు కాదు. పైగా వాళ్ల టీలో పాలు చుక్కంత, కోవా ఉండదు. మన దగ్గర అసలు చూడాల్సింది చక్కెర. కప్పుకు రెండు స్పూన్లు, నాలుగు కప్పులంటే 32 గ్రాములు దాటుతుంది. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇరానీ చాయ్ రోజుకు ఒకటి పెట్టుకుని, మిగతావి పలచటి పాలతో అర స్పూను చక్కెర వేసుకోండి. వారానికి పావు స్పూను చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

వేడి గురించి ఒక్క మాట. 65 డిగ్రీలు దాటిన పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవాటిలో చేర్చింది. సాసర్‌లో పోసుకుని తాగే పాత అలవాటు ఇక్కడ ఎంతో పనికొస్తుంది. వెడల్పుగా పరుచుకున్న టీ నిమిషంలో చల్లబడుతుంది.

నీలగిరి_ఆకు:

అల్లం, బెల్లం రెండూ పాలను విరిచేస్తాయి గానీ కారణాలు వేరు.

పచ్చి అల్లంలో ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ఉంటుంది. వేడిపాలలో పచ్చి అల్లం దంచి వేస్తే అది పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ మీద పడి పాలు గడ్డకడతాయి. దక్షిణ చైనాలో ఈ గుణంతోనే అల్లం పాలను మన జున్నులా పేరబెట్టి తింటారు. మరిగితే ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకని అల్లం ఎప్పుడూ నీళ్లలో వేయండి, కనీసం 3 నిమిషాలు తెర్లాక పొడి, ఆ తర్వాతే పాలు. రెండు కప్పులకు అంగుళం ముక్క చాలు. తురిమితే ఘాటు ఎక్కువ దిగుతుంది, కచ్చాపచ్చాగా దంచితే వాసన ఎక్కువ.

బెల్లంలో కొంచెం పులుపు, దానితో పాటు ఖనిజ లవణాలు ఉంటాయి. మరుగుతున్న పాలలో పడితే పాలు విరుగుతాయి, నిన్నటి పాలైతే ఇంకా తొందరగా. టీ దించి, పొంగు అణిగాక, నిమిషం ఆగి తురిమిన బెల్లం వేసి కలపండి. మళ్లీ పొయ్యి ఎక్కించకండి. బెల్లం పొడిలో ఇసుక తగులుతుంటే ముందు రెండు స్పూన్ల వేడినీళ్లలో కరిగించి వడకట్టుకోండి. చక్కెర మానేసి బెల్లం వేసుకుంటే షుగర్ పెరగదనుకునేవాళ్లు జాగ్రత్త, ఒంట్లో అదీ తీపే.

నీళ్ల గురించి ఎవరూ అనలేదు. బోరు నీళ్లతో చేసిన టీ మీద తెట్టు కట్టి, కప్పు గోడకు గోధుమ రంగు చార పడుతుందా? అది కాల్షియం, టీలోని పాలీఫినాల్స్ కలిసి కట్టిన పొర. రంగు మొద్దుబారుతుంది, వాసన నిద్రపోతుంది. ఫిల్టర్ నీళ్లు వాడితే ఇదే పొడి వేరే పొడిలా అనిపిస్తుంది. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో, నల్లగొండ వైపు లాంటి చోట్ల, ఇంకా జాగ్రత్త కావాలి. టీ మొక్క నేలలోంచి ఫ్లోరైడ్‌ను లాగి ఆకుల్లో దాచుకుంటుంది, ముదురు ఆకులో ఎక్కువ. నీటిలో ఇప్పటికే ఉన్నదానికి అది తోడవుతుంది. అక్కడ టీకి కూడా శుద్ధి చేసిన నీళ్లే పెట్టాలి.

విడిపొడి కొంటే ఒక చిన్న పరీక్ష చేయండి. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద పొడి చల్లి, నీళ్లు చిలకరించి, కాసేపటికి పొడి కడిగేసి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడండి. రంగు మరకలు మిగిలితే రంగు కలిపినట్టు. పొడి మీద అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది.

బెల్లంచాయ్:

చాలా థాంక్సండీ అందరికీ. సన్నసెగ గారూ, దమ్ డికాక్షన్ మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? పెడితే మబ్బుగా మారుతోంది, పాడైనట్టా? ఇంకోటి, ఆఫీసుకు తీసుకెళ్లాలంటే ఎలా?

సన్నసెగ:

పాడైనట్టు కాదు. చల్లబడ్డప్పుడు కెఫీన్, పాలీఫినాల్స్ ముడిపడి మబ్బు కడతాయి, చిక్కటి డికాక్షన్‌లోనే ఎక్కువ. వేడి చేయగానే తేరుకుంటుంది. గాజు సీసాలో మూత పెట్టి ఒక రోజు వరకు ఉంచండి, పుల్లటి వాసన వస్తే పారబోయండి. పాలు కలిపినది మాత్రం దాచొద్దు.

ఆఫీసుకైతే రెండు చిన్న ఫ్లాస్కులు, ఒకదానిలో డికాక్షన్, ఒకదానిలో పాలు. పోసే ముందు రెండింట్లోనూ మరిగే నీళ్లు పోసి 5 నిమిషాలు ఉంచి వంపేయండి, లేకపోతే గంటలోనే గోరువెచ్చన అవుతుంది. వేడి టీని ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం మానుకోండి. పేపర్ కప్పు లోపలా సన్నని ప్లాస్టిక్ పొరే ఉంటుంది, స్టీలు గ్లాసు ఒకటి ఆఫీసులో ఉంచుకోండి. పాల ఫ్లాస్కు మూత రబ్బరును సాయంత్రమే ఊడదీసి కడగాలి, అక్కడ చిక్కుకున్న మీగడ వల్లే మర్నాడు పాలు విరుగుతాయి.