పియానోలు శ్రుతి చేసే పని కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా?

ఎడిసన్ అమ్మ:
నమస్కారమండీ. మా బాబు న్యూజెర్సీలో లెవెన్త్ గ్రేడ్, ఇక్కడే పుట్టాడు. పియానోలు బాగుచేసే ఒకాయన దగ్గర ఏడాదిగా జీతానికి పనిచేస్తున్నాడు. స్కూలున్న రోజుల్లో శనివారం 5 గంటలు, వేసవిలో 10 వారాలపాటు వారానికి 20 గంటలు. మెకానికల్ ఇంజినీరింగ్‌కి రట్గర్స్, పర్డ్యూ, జార్జియా టెక్, రెండు మూడు యూసీలు (కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు) అనుకుంటున్నాం. మావారేమో ఇది మానిపించి, డబ్బు కట్టి చేరే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రామ్‌లో వేద్దామంటున్నారు. స్నేహితురాలేమో "ఇలాంటి పని ఎవరి పిల్లలూ చెయ్యరు, అదే పెద్ద ప్లస్" అంటోంది. ఎవరి మాట వినాలి? అప్లికేషన్‌లో దీన్ని ఎలా రాయాలి?

గోదారిగట్టు:
మానిపించకండి. కానీ మీ స్నేహితురాలు చెప్పిన కారణం మాత్రం సరైంది కాదు. పని అరుదైనదని ఎవరూ మార్కులు వెయ్యరు. కిరాణా కొట్టులో క్యాష్ రిజిస్టర్ దగ్గర మూడేళ్ళు నిలబడ్డ పిల్లాడి పని, రెండు నెలల పియానో పని కంటే బరువుగానే కనబడుతుంది. చూసేది ఎంతకాలం చేశాడు, ఏ పని నమ్మి వదిలేశారు, అందులో ఏం పట్టుకున్నాడు అని. వీటన్నిటికంటే ముందు ట్రాన్‌స్క్రిప్ట్, అంటే స్కూలు మార్కుల పత్రం. ఇంజినీరింగ్‌కి కాల్క్యులస్, ఫిజిక్స్ గ్రేడ్లు జారితే ఏ ఉద్యోగమూ ఆ లోటు పూడ్చదు. శనివారం పని వల్ల ఆదివారం హోంవర్క్ మీద దెబ్బపడుతుంటే గంటలు తగ్గించండి, పని మాత్రం ఉంచండి.

ఒక్కో కాలేజీ దీన్ని ఎంత పట్టించుకుంటుందో మీరే చూసుకోవచ్చు. కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని వెతకండి, కాలేజీలు తమ అడ్మిషన్ వివరాలు బయటపెట్టే పత్రం అది. వచ్చిన ఫైల్లో సి7 అనే పట్టిక ఉంటుంది. "వర్క్ ఎక్స్‌పీరియన్స్" వరసలో చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అనే నాలుగు గడుల్లో ఒకదానికి టిక్కు ఉంటుంది. మీ లిస్టులో ఉన్నవన్నీ ఓ అరగంటలో అయిపోతాయి.

డబ్బు కట్టి చేరే ప్రోగ్రామ్‌ల సంగతి అడ్మిషన్ ఆఫీసుల్లో అందరికీ తెలుసు. ఫీజు కట్టినవాళ్ళందరికీ సీటిచ్చేదయితే దానికి పెద్ద విలువ లేదు. గట్టి పోటీ ఉండి, ఫీజు లేనిది దొరికితే అప్పుడు ఆలోచించండి. హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్ 2016లో తెచ్చిన "టర్నింగ్ ద టైడ్" నివేదిక కూడా, ఇంటి బాధ్యతలకీ జీతం పనికీ అప్లికేషన్‌లో సరైన చోటు ఇవ్వాలనే చెప్పింది.

లెక్కల పంతులు:
రాయడం దగ్గరికొస్తే, కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి పనికొచ్చే ఉమ్మడి అప్లికేషన్) యాక్టివిటీస్‌కి 10 గడులే. ఇది "వర్క్ (పెయిడ్)" కింద వస్తుంది. హోదాకి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, చేసిన పనికి 150, ఖాళీలతో కలిపి.

చాలామంది పొరబడేది గంటల దగ్గరే. వారానికి ఎన్ని గంటలు అన్నదానికి ఒకే అంకె పడుతుంది. మీవాడికి స్కూలు వారాలు 36 అనుకుంటే 36×5=180, వేసవి 10×20=200. మొత్తం 380 గంటలు, 46 వారాలు. వారానికి 8.26, అంటే 8 అని వెయ్యండి. వేసవి లెక్క పట్టుకుని 20 గంటలు, 46 వారాలు అని వేస్తే 920 గంటలవుతుంది. ఆ ఒక్క అబద్ధపు అంకెతో మిగతా తొమ్మిది గడుల మీదా అనుమానం వస్తుంది. పది యాక్టివిటీలూ కలిపి వారానికి ఎన్ని గంటలయ్యాయో చివర్లో ఒకసారి కూడండి. స్కూలు పోగా 60 వస్తే ఎవరూ నమ్మరు.

ఆ 150 అక్షరాల్లో "పియానో రిపేరులో సాయం, ఓర్పు నేర్చుకున్నాను" అని రాస్తే గడి వృథా. "యాక్షన్ బయటికి తీసి హ్యామర్ల ఫెల్ట్ సానపడతాను, తెగిన తీగలు మారుస్తాను, 30 పియానోలకి పిచ్, తేమ నమోదు చేస్తున్నాను" లాంటిది రాయాలి (యాక్షన్ అంటే కీ నొక్కితే సుత్తిని తీగ మీదికి కదిపే యంత్రాంగం, పిచ్ అంటే స్వరస్థాయి). అంకెలు వాడు నిజంగా చేసినవే అయ్యుండాలి. ఇంకా చేస్తున్న పని కాబట్టి వర్తమానంలోనే రాయించండి. చోటు చాలలేదని అడిషనల్ ఇన్ఫర్మేషన్‌లో కుక్కకండి, 2025-26 నుంచి దానికి 300 పదాలే.

యూసీల అప్లికేషన్ వేరు. అక్కడ యాక్టివిటీలూ అవార్డులూ కలిపి 20 దాకా పెట్టొచ్చు, ఒక్కోదాని వివరణకి 350 అక్షరాలు. సంపాదించిన డబ్బు ఏం చేశావనీ అడుగుతారు. కాలేజీకి దాచుకున్నా, తన కారు ఇన్సూరెన్స్ కట్టుకున్నా ఉన్నదే రాయాలి. యూసీ కొందరిని ఎంచి రుజువులు అడుగుతుంది కూడా. పే స్టబ్బులు (జీతం చీటీలు) ఇప్పటినుంచే ఒక కవర్లో పెట్టుకోమనండి.

ఎడిసన్ అమ్మ:
చాలా థాంక్సండీ. ఆ పియానోలాయన జీతం క్యాష్‌గానే ఇస్తున్నారు, పే స్టబ్బులు లేవు. వర్కింగ్ పేపర్స్ (మైనర్లకి పని అనుమతి పత్రాలు) సంగతి మాకు తెలియనే తెలియదు. ఇంకొకటి, అప్లికేషన్‌తో పంపే వ్యాసం కూడా దీనిమీదే రాయొచ్చా?

గోదారిగట్టు:
పేపర్ల పని ఈ వారమే మొదలుపెట్టండి. న్యూజెర్సీలో 18 లోపు పిల్లలకి వర్కింగ్ పేపర్స్ తప్పనిసరి. 2023 నుంచి స్కూలుతో పని లేదు, అంతా ఆన్‌లైనే. ముందు యజమాని రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో నమోదు చేసుకుంటే ఒక కోడ్ వస్తుంది. బాబు ఆ కోడ్‌తో అప్లికేషన్ మొదలుపెట్టి వయసు రుజువు ఎక్కిస్తాడు, తర్వాత మీరు ఒప్పుకోవాలి. యజమాని మారితే మళ్ళీ కొత్తగా. క్యాష్ ఇవ్వడం తప్పు కాదు, లెక్కలో చూపించకపోవడమే తప్పు. డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపించే పత్రం) ఇవ్వమని అడగండి.

ఇంకో జాగ్రత్త. వర్క్‌షాపులో కరెంటుతో నడిచే రంపాలు 18 నిండనివాళ్ళు పట్టుకోకూడదు, 16 ఏళ్ళవాళ్ళు పనిమీద రోడ్డు మీద బండి నడపకూడదు. రెండూ ఫెడరల్ నిబంధనలే. కాస్త గొప్పగా ఉంటుందని ఇలాంటివి వ్యాసంలో రాస్తే యజమాని ఇరుక్కుంటాడు.

వ్యాసం తప్పకుండా రాయొచ్చు. కామన్ యాప్‌లో 250 నుంచి 650 పదాలు. చెడేది ఎక్కడంటే, ముసలి మేస్త్రీ గొప్పతనం రాస్తూ పోయి పిల్లాడు కనబడకుండా పోతాడు. వాడి చెవి దగ్గర మొదలుపెట్టమనండి. పియానోలో పై స్వరాలకి ఒక్కో కీకి మూడు తీగలుంటాయి. ఫెల్ట్ పట్టీతో రెండు తీగలు నొక్కిపెట్టి మొదట నడిమి తీగని సరిచేస్తారు. తర్వాత పక్క తీగ వదిలి రెండూ కలిపి మోగిస్తే, ఒకటి 440 హెర్ట్జ్, రెండోది 442 ఉంటే, సెకనుకి రెండుసార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. శ్రుతి చేసే లీవర్ వెంట్రుకవాసి కదిపేకొద్దీ ఆ అల మందగించి, చివరికి ఆగిపోతుంది. ఆ ఆగిన క్షణం వాడు మొదటిసారి ఎప్పుడు విన్నాడు, అంతకుముందు ఎన్నిసార్లు తప్పు పక్కకి తిప్పాడు అన్నది ఇంకెవరూ రాయలేరు.

మెకానికల్ అంటున్నారు గనక ఒక మాట. చలికాలంలో హీటర్లకి గాలి ఎండిపోయి సౌండ్‌బోర్డు (తీగల ధ్వనిని పెంచే చెక్క పలక) కుంచించుకుంటుంది, పిచ్ పడిపోతుంది. వేసవి తేమకి మళ్ళీ లేస్తుంది. తేమ కొలిచే చౌక హైగ్రోమీటర్ ఒకటి కొనివ్వండి. వెళ్ళిన ప్రతి ఇంట్లో తేమ శాతం, శ్రుతి చెయ్యకముందు పిచ్ రాసిపెట్టుకుంటే ఏడాదికి మంచి పట్టిక తయారవుతుంది. ఈ సమాచారం కోసం ఏ రీసెర్చ్ ప్రోగ్రామ్‌కీ ఫీజు కట్టక్కర్లేదు.

నార్త్ బ్రన్స్‌విక్ నాన్న:
మా అమ్మాయి హెచ్-4 (హెచ్-1బి లాంటి వీసాల వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉందండీ, టెన్త్ గ్రేడ్. జీతం లేకుండా ఇలాంటి షాపులో చేరితే పర్లేదా?

లెక్కల పంతులు:
వద్దండీ. హెచ్-4 పిల్లలకి పని అనుమతి లేదు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) కొందరు భార్యాభర్తలకే గానీ పిల్లలకి కాదు. మామూలుగా జీతమిచ్చే పనిని లాభం కోసం నడిచే షాపులో ఊరికే చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు, స్టేటస్‌కి చిక్కు. అప్లికేషన్‌లో "వర్క్ (పెయిడ్)" అని పెడితే చేతులారా రాసిచ్చినట్టే. మీ ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి, అమ్మాయి పేరు మీద ఈఏడీ వచ్చుంటే అప్పుడు చెయ్యొచ్చు. అనుమానముంటే లాయర్ని అడగండి.

ఈలోగా లైబ్రరీ, హాస్పిటల్, ఫుడ్ బ్యాంక్ లాంటి చోట్ల ఎప్పటినుంచో వాలంటీర్లే చేసే పనులకి అడ్డు లేదు. పియానోయే ఇష్టమైతే పాత అప్‌రైట్లు (నిలువు పియానోలు) చాలామంది ఊరికే ఇచ్చేస్తారు, మోయించే ఖర్చే మీది. ఇంట్లో నేర్చుకుంటే అది హాబీ, యాక్టివిటీగా నిక్షేపంగా రాసుకోవచ్చు. ఒక్కో తీగ మీద సుమారు 70 నుంచి 90 కిలోల లాగుడు ఉంటుంది. తుప్పుపట్టిన తీగని ఒక్కసారిగా పైకి లాగితే తెగి మొహం మీదికొస్తుంది. కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకుని, ముందు కొంచెం వదులు చేసి, ఆ తర్వాతే బిగించమనండి.