అప్‌డేట్: పాత కారు ఏసీ గ్యాస్ లీక్ దొరికింది, కంప్రెసర్ షాఫ్ట్ సీల్

ఆర్-12 అనే పాత ఏసీ గ్యాస్ నుంచి, దాని తర్వాత వచ్చిన ఆర్-134ఏకి మార్చిన పాత కారులో గ్యాస్ నింపిన కొన్ని వారాలకే చల్లదనం పోతోందని, పంపుతో లోపలి గాలంతా లాగేసి చూస్తే ఆ వాక్యూమ్ మాత్రం గంటసేపు నిలుస్తోందని అడిగాను కదా. తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది నైట్రోజన్ పరీక్ష. మెకానిక్ రెగ్యులేటర్ పెట్టి ఏసీ లోపలికి నైట్రోజన్‌ను 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా ఎక్కించి సబ్బు నురగ పూస్తే కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తే పంపు) క్లచ్ వెనక, ఇరుసు చుట్టూ గ్యాస్ బయటికి రాకుండా ఆపే షాఫ్ట్ సీల్ దగ్గర బుడగలొచ్చాయి. క్లచ్ ప్లేటు విప్పితే లోపలంతా ఆయిల్ జిడ్డే. వాక్యూమ్‌లో ఎందుకు దొరకలేదంటే, అప్పుడు సీల్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా 15 పీఎస్ఐ కూడా ఉండదు, అదీ బయటి నుంచి లోపలికి. గ్యాస్ ఉన్నప్పుడు ఒత్తిడి లోపలి నుంచి తోస్తుంది, అదీ ఎన్నో రెట్లు. అందుకే వాక్యూమ్ నిలిస్తే లీక్ లేదని నమ్మకండి. కారు నెలల తరబడి కదలకపోతే సీల్ మీద ఆయిల్ ఆరిపోతుంది. అప్పుడప్పుడూ పది నిమిషాలు ఏసీ తిప్పడం మేలు.

సీల్‌తో పాటు హెచ్‌ఎన్‌బీఆర్ (ఒక రకం రబ్బరు) ఓ-రింగులు, తేమను పీల్చే రిసీవర్ డ్రయర్, గ్యాస్ నింపే సర్వీస్ పోర్టుల్లోని వాల్వ్ కోర్లు మార్చారు. కంప్రెసర్‌కి కందెనగా ఎస్టర్ ఆయిల్ పోసి, వాక్యూమ్ లాగి, లేబుల్ మీది ఆర్-12 తూకంలో 80 శాతం ఆర్-134ఏతో మొదలుపెట్టి, గేజీలు చూస్తూ కొంచెం కలిపారు. మొత్తం తూకం నింపితే హై సైడ్ (కంప్రెసర్ దాటాక ఉండే) ప్రెషర్ పెరిగిపోతుంది.

డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్‌లో లీకుందేమోనన్న అనుమానం పోయింది, డ్యాష్‌బోర్డు విప్పే పని తప్పింది. ఎవాపరేటర్‌లోకి వెళ్లే గ్యాస్‌ను అదుపు చేసే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కీ ఈ లీక్‌కీ సంబంధం లేదు. లీక్‌ను లోపలి నుంచే మూసే మందు, లీక్ సీలర్ మాత్రం వాడలేదు: తేమ తగిలితే గట్టిపడే రకాలు గ్యాస్‌ను బయటికి లాగే రికవరీ మిషన్‌నే పాడుచేస్తాయి.