వెనక్కి తీసుకున్న పేపర్‌ని షేర్ చేస్తే అది అబద్ధం చెప్పినట్టేనా?

సూక్ష్మదర్శిని: టీకాల మీద అనుమానం ఉన్న గ్రూపుల్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1998లో వచ్చిన పరిశోధన పేపర్ మళ్ళీ తిరుగుతోంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన పేపర్, చూసింది 12 మంది పిల్లల్ని. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, పేజీల మీద 'రిట్రాక్టెడ్' అని ఎర్రగా ముద్ర కూడా వేసింది. ఇప్పుడు తిరుగుతున్న ఫొటోలో లాన్సెట్ పేరు ఉంది, ఆ ముద్ర లేదు. ఇది తెలియక చేసింది కాదు.

అమ్మమాట: అందరినీ ఒకే గాటన కట్టకండి. మా గ్రూపులో టేబుళ్ళతో సహా పేపర్ మొత్తం చదివేవాళ్ళున్నారు.

సూక్ష్మదర్శిని: చదవడం వేరు, మనకు కావలసింది ఏరుకోవడం వేరండీ. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు చూసి ఎంఎంఆర్ వల్ల ఆటిజం పెరగలేదని తేల్చారు. అది మీ గ్రూపులో ఎప్పుడైనా వచ్చిందా?

అమ్మమాట: ఆ 12నే పట్టుకుని వేలాడుతున్నారు. చిన్న సంఖ్య అయితే తప్పేనా? రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటాషీల్డ్ టీకా వేసిన పిల్లల్లో పేగు ముడుచుకుపోయిన కేసులు 15 వస్తేనే కదా 1999లో ఆపమన్నారు!

సూక్ష్మదర్శిని: ఆపి ఊరుకోలేదు, పెద్ద ఎత్తున పరిశీలించి నిజమేనని నిర్ధారించుకున్నారు. 1998 అనుమానాన్ని కూడా అలాగే పరిశీలించారు, నిలవలేదు.

గోడగడియారం: ఇద్దరూ ఒకటే మాట చెప్తున్నట్టుంది.

అమ్మమాట: కాదు.

లెక్కలపుస్తకం: ఇంకో పోస్టు కూడా తెగ తిరుగుతోంది, 'ఆస్పత్రిలో చేరినవాళ్ళలో టీకా వేసుకున్నవాళ్ళే ఎక్కువ' అని. వెయ్యి మందిలో 950 మంది వేసుకున్నారనుకోండి. వాళ్ళలో 19 మంది చేరారు, వేసుకోని 50 మందిలో 10 మంది చేరారు. 19 పెద్దదే, కానీ అది నూటికి ఇద్దరు, ఇది నూటికి ఇరవై మంది. అంకె నిజమే, సగమే చూపిస్తున్నారు.

అమ్మమాట: పాఠాలు చాలు! మా పాపకి ఎంఎంఆర్ వేయించిన తొమ్మిదో రోజు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్‌ని అడిగితే "టీకాకి సంబంధమే లేదు, నెట్‌లో చదవడం మానండి" అన్నాడు. ఎంఎంఆర్ తర్వాత సుమారు 3,000 నుంచి 4,000 డోసులకి ఒకసారి ఇలా జరగొచ్చని పేపర్ పంపింది ఆ గ్రూపువాళ్ళే. అది కూడా అబద్ధమేనా?

సూక్ష్మదర్శిని: కాదు, నిజమే. ఆ డాక్టర్ అలా అనకుండా ఉండాల్సింది. సాధారణంగా వాటివల్ల శాశ్వతంగా నష్టం ఉండదని కూడా అప్పుడే చెప్పి ఉంటే మీకు అంత టెన్షన్ ఉండేది కాదు. పాప ఇప్పుడు ఎలా ఉంది?

అమ్మమాట: బాగుంది. ఆటిజం సంగతి నేను ఎప్పుడూ అనలేదు. అడిగితే మనిషిలా జవాబు చెప్పింది ఎవరు అన్నదే నా బాధ.

సూక్ష్మదర్శిని: నా బాధ కూడా చెప్తాను. ఇలాంటి ఫొటో ఒకటి చూసే మా చెల్లి వాళ్ళబ్బాయికి ఆ టీకా వేయించలేదు. వాడికి తట్టు వచ్చి, న్యుమోనియాలోకి దిగి, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. తనకి కూడా నమ్మకమైనవాళ్ళే పంపారు. ఒక పేపర్ నిజమైందని, వాళ్ళు పంపినవన్నీ నిజమైపోవు కదా.

గోడగడియారం: బాబు ఇప్పుడు క్షేమమేనా?

సూక్ష్మదర్శిని: కోలుకున్నాడు.

అమ్మమాట: ముద్ర తీసేసిన సంగతి నేను గమనించలేదు. ఎవరు తీశారో గ్రూపులో అడుగుతాను, ఆ పోస్టు తీసేయమంటాను. వాళ్ళని వదిలేసి రమ్మంటే మాత్రం రాను.

సూక్ష్మదర్శిని: రమ్మనడం లేదండీ. పూర్తి పేజీ పెట్టమంటున్నాను.