సద్దుల బతుకమ్మ, బల్లార్షా (మహారాష్ట్ర): షిఫ్టు చూసి పనులు పంచుకుందాం

సమన్వయం: అందరికీ నమస్తే. మనలో పేపరు మిల్లు, బొగ్గు గనుల షిఫ్టులోళ్లే ఎక్కువ. "పొద్దంతా రండి" అంటే ఎవరికీ కుదరదు. పనులను రెండు మూడు గంటల ముక్కలు చేద్దాం. పేరు పక్కన ఆ రోజు షిఫ్టు కూడా రాయండి. షిఫ్టులు తిరుగుతుంటాయి కాబట్టి నెల ముందు రాసుకున్న జాబితా తప్పుతది. వారం ముందు మళ్లీ అడుగుతాం.

మిల్లు వాళ్ల తరఫున: అన్నా, రెండో షిఫ్టు (2–10) వాళ్లకు పొద్దున 8 నుంచి 11 దాకా పందిరి, మైదానం సాఫు, చింతపండు పులుసు తీసుడు ఇయ్యండి. మొదటి షిఫ్టు (6–2) వాళ్లు 4 గంటలకు అందుకుంటరు. రాత్రి డ్యూటీ దిగినోళ్లను సాయంత్రం దాకా లేపొద్దు. నిద్ర లేని మనిషిని నిచ్చెన ఎక్కించి లైట్లు కట్టించుడు, బండి ఇచ్చి సామాను తెప్పించుడు ప్రాణాల మీదికి తెస్తది. ఆ రాత్రి డ్యూటీ ఎక్కేటోళ్లను 8:30కే పంపెయ్యాలె.

సెలవు కంటే షిఫ్టు మార్పిడి తొందరగా దొరుకుతది. మార్పిడి అడిగే చీటీలో ఇద్దరి పేర్లు, కార్మికుల టికెట్ నంబర్లు, తారీఖు, సంతకాలు ఉండాలె. రాత్రి దిగి వెంటనే పొద్దుటి షిఫ్టు ఎక్కే మార్పిడి మాత్రం అడగొద్దు. కాంట్రాక్టు కార్మికులైతే చీటీ కాంట్రాక్టరుకే ఇయ్యాలె; మిల్లు ఆఫీసులో ఇస్తే అక్కడే పడి ఉంటది.

వంట: 250 మందికి ప్రసాదంగా పులిహోరకు బియ్యం 12 కిలోలు, చింతపండు కిలోంబావు. అన్నం 11 గంటలకే వార్చి బట్ట మీద పరిచి ఆరబెట్టాలె. వేడి మీద కలిపితే ముద్దయితది. అందుకే ఈ పని రెండో షిఫ్టోళ్లదే. పెరుగు సద్ది మాత్రం 4 దాటినంకనే కలపాలె, పొద్దున కలిపితే పులుస్తది. నువ్వుల పొడి ముందురోజే కొట్టిపెట్టుకోవచ్చు.

మహిళల తరఫున: ఒక మాట గట్టిగా చెప్పాలె. రాత్రి 9:30కు మైదానంలో ఎవరుంటరో చూడండి. రెండో షిఫ్టు ఇంకా దిగదు, రాత్రి షిఫ్టు వెళ్లిపోతది, మొదటి షిఫ్టోళ్లకు తెల్లారకముందే లేవాలె. గిన్నెలు, చెత్త, కుర్చీలు అన్నీ ఆడోళ్ల మీదనే పడతయి. వాళ్లలో ప్రైవేటు బడి టీచర్లు, మిషన్ కుట్టేటోళ్లు, ఇండ్లల్లో పనికి పోయేటోళ్లు ఉన్నరు, వాళ్లకూ పొద్దున డ్యూటీయే. అందుకని రాత్రి పొయ్యి ఆర్పుడు, కరెంటు తీసుడు, మిగిలిన తిండి పంచేసుడు, ఈ మూడే. మిగతాది తెల్లారి 7 నుంచి 9 దాకా రెండో షిఫ్టు మగవాళ్లు చెయ్యాలె. ఇంకోటి, 4 నుంచి 7 దాకా పిల్లలను చూసుకునేందుకు ఇద్దరిని పెట్టండి. లేకుంటే తల్లులు పనికి రాలేరు.

లెక్కలు: ఒప్పుకుంటున్నా అక్కా. రోజు కూలీ మీద బతికేటోళ్లను పనివేళల్లో పిలిస్తే ఆ పూట కూలీ సంఘమే ఇయ్యాలె, లేదంటే పిలవొద్దు. ఆటో కిరాయి, పెట్రోలు కూడా అదే రోజు ఇచ్చేద్దాం. అడిగించుకుంటే మొహమాటపడి ఊరుకుంటరు.

సమన్వయం: గునుగు పువ్వు రెండు రోజుల ముందే కోసినా ఆగుతది, అప్పుడు వారపు సెలవున్నోళ్లు నది అవతల రాజురా వైపు పోయి కోసుకుని రండి. తంగేడు ముందు సాయంత్రమే కోసి తడి గోనెలో కప్పాలె. వార్ధా ఒడ్డున నిమజ్జనానికి ఈతొచ్చినోళ్లు నలుగురు కావాలె, రాత్రి షిఫ్టు దిగినోళ్లు కాకుండా. మైకు 10కి ఆపాలె. యాజమాన్యాలకు ఇచ్చే ఉత్తరాలు రేపు రాస్తున్న. ఎవరికి ఏ తారీఖున ఎన్ని గంటలు కావాలో ఈ రాత్రికే కింద రాయండి.