ఈ వారం సమస్య: పనులు మానువాఁడె పనులు సేయు

నిర్వాహకుడు: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. పనులు మానేవాడే పనులు చేయడమేమిటన్న విరోధం తీరేలా పై మూడు పాదాలూ మీరు రాయాలి. అయిదూ సూర్యగణాలే (‘పనులు’, ‘మాను’ లాంటి చిన్న అక్షరాల గుంపులు), యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) ‘ప–ప’. నిన్న ఉదయం ఒక పద్యం పూర్తి చేద్దామని కూర్చున్నాను. కరెంటు బిల్లు కట్టాను, పాత పత్రికలు సర్దాను, మూడు ఫోన్లు మాట్లాడాను. పద్యం రెండో పాదంలోనే ఉంది. ఆ కోపంలో పుట్టిన సమస్య ఇది.

కృష్ణాతీరం:
నారు ముదరకుండ నాటగా వలెనంచు
పెండ్లి విందు మాని, పేట మాని,
రచ్చబండ మాట రానీక చిల్లర
పనులు మానువాఁడె పనులు సేయు.

నిర్వాహకుడు: ‘చిల్లర’ను మూడో పాదం చివర పెట్టి విరోధాన్ని తీర్చారు, బాగుంది. ‘పేట మాని’ మాత్రం యతి కోసం లాక్కొచ్చినట్టుంది. ‘విందు భోజనాలు విడిచిపెట్టి’ అంటే?

కృష్ణాతీరం: అలాగే మారుస్తానండి. పేటలో ఎరువుల కొట్టు ఉంటుందని రాశాను కానీ, అది పద్యంలో కనబడదు. మా స్వర్ణ వరి నారు 25–30 రోజుల్లో నాటెయ్యాలి. ముదిరితే పిలకలు తగ్గుతాయి, కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టుకోవాలి. పెళ్లివారు అలిగితే తర్వాత వెళ్లి బతిమాలుకోవచ్చు.

పాత దస్త్రం:
ఫోను మ్రోఁగె ననుచుఁ బోవక, చూడక,
బల్లమీఁది కట్ట పక్క నుంచి,
ముఖ్యమైన దొకటి ముగియించి, యిఁక వ్యర్థ
పనులు మానువాఁడె పనులు సేయు.

నిర్వాహకుడు: గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి. కానీ ‘వ్యర్థ పనులు’ వైరిసమాసం: సంస్కృతానికి తెలుగును అతికించారు. ‘యిఁక వట్టి’ అనండి. గణం చెడదు, మాటకు పదునూ వస్తుంది.

పాత దస్త్రం: చిత్తం. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసిన చేతికి ‘వ్యర్థ’మే ముందు తగులుతుంది.

చేమంతి:
కొడుకు కంచ మెత్తి, గుడ్డలు మడుచుచుఁ
బ్రొద్దు పుచ్చనేల? పుస్తకమ్ము
తెఱచి చదువుకొమ్ము; తీరిక యిదె నీకు;
పనులు మాను, వాఁడె పనులు సేయు.

నిర్వాహకుడు: అమ్మా, నమస్కారం! సమస్య ఇచ్చినవాడికే తట్టని విరుపు. ‘మానువాఁడె’ను రెండుగా చీల్చి, ‘నువ్వు మాను, వాడే చేసుకుంటాడు’ అన్నారు. విరోధం ఎటు పోయిందో వెతుక్కోవాల్సి వచ్చింది. తప్పు పట్టాలని మూడుసార్లు గణాలు లెక్కపెట్టాను, దొరకలేదు.

కృష్ణాతీరం: అబ్బాయి చేస్తున్నాడా అండీ?

చేమంతి: రెండు రోజులు కంచం అలాగే ఎండింది. మూడో రోజు కడిగాడు.

ఎనిమిదో పృచ్ఛకుడు:
అష్టదిశల నుండి యడుగుచుండఁగ నైన,
గంట మ్రోఁగుచున్న గణన విడక,
ఒక్క పాద మందె యుల్లము నిలిపి, పై
పనులు మానువాఁడె పనులు సేయు.

నిర్వాహకుడు: ‘పై పనులు’ చక్కగా కుదిరింది. అయితే అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అడిగేవన్నీ ఒక్కడే నడిపే అవధాని ఏ పనీ మానడు కదా? మధ్యలో సంబంధం లేని మాటలతో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి ‘ఈ రోజు కూర ఏమిటి?’ అని అడిగినా జవాబు చెప్పాల్సిందే. మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెట్టడమూ పైపనే అంటారా? రెండో పాదం మూడోదానికి అడ్డు తగులుతోంది.

ఎనిమిదో పృచ్ఛకుడు: జవాబు చెబుతాడు, గంటనూ లెక్కిస్తాడు, కానీ వాటి వెంట పోడు. ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకి, ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం, నాలుగు ఆవృత్తుల్లో పద్యం పూర్తవుతుంది. ఇచ్చిన పదాలతో పద్యం అల్లే దత్తపదికి పాదం చెబుతున్నప్పుడు సమస్య సంగతి తలపెట్టడు. చివర పద్యాలన్నీ అప్పజెప్పే ధారణలో అన్నీ తిరిగి వస్తాయి. నా ఉద్దేశం అదే.

నిర్వాహకుడు: ఉద్దేశం బాగుంది, పద్యంలో అది సగమే పలికింది. రెండో పాదం మళ్లీ చూడండి. గడువు రేపు రాత్రి 9 గంటల వరకు. నా పద్యం ఇంకా రెండో పాదంలోనే ఉంది కాబట్టి, అప్పటిదాకా నేను ఇటు రాను.